చీపురు తగలని మూల

మా కాలనీలో నా వంటను మెచ్చుకున్నవాళ్లు తక్కువ. నా పెరడును మెచ్చుకోనివాళ్లు మాత్రం లేరు. అక్కడ ఆవగింజ పడినా చప్పున దొరికేది. పొద్దున్నే లేచి ముందు వాకిలి ఊడ్చి, సాంపి చల్లి, ముగ్గు వేశాక, ఈతాకుల చీపురు పట్టుకుని పెరట్లోకి దిగేదాన్ని. పైన వేపచెట్టు దగ్గర మొదలుపెట్టి, వంచిన నడుం ఎత్తకుండా, కింది గోడ దాకా ఒక్క ఆకు మిగలకుండా ఊడ్చుకుంటూ పోయేదాన్ని. నేల మీద చీపురు గీతలు వంకర లేకుండా పడ్డాయంటే ఆ రోజు నాకు కడుపు నిండినట్టే. ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు కదా. నన్ను చూడాలనుకున్నవాళ్లు నేరుగా పెరట్లోకి రావచ్చని నా పొగరు.

మా ఇల్లు కాజీపేటలో, స్టేషన్‌కు కాస్త ఎడంగా, ఒక గుట్ట వాలు మీద ఉంటుంది. మా ఆయన గూడ్స్ బండి నడుపుతాడు. ఇల్లు కట్టుకున్నప్పుడు ముందు భాగం చదును చేయించి, వెనక భాగాన్ని ఉన్నది ఉన్నట్టే వదిలేశాం. అందుకే పెరడంతా పై నుంచి కిందికి జారుడుగా ఉంటుంది. పైన వేప, నడుమ మామిడి, పక్కన ఈమధ్య లేచిన మూడంతస్తుల ఇల్లు. మధ్యాహ్నం కాసేపు తప్ప అక్కడ ఎండ పొడ తగలదు. పెరడు చివర మోకాలెత్తు రాతి గోడ. గోడ కింద ఒక రేకుల షెడ్డు, ఆ షెడ్డులో ఒక మగ్గం.

ఆ మగ్గం రెండేళ్ల కిందట వరంగల్ కొత్తవాడ నుంచి వచ్చిన ఒకామెది. జంపఖానాలు నేస్తుంది. భర్తకు ఇటువైపు పని దొరికితే తానూ వచ్చేసి, వస్తూ మగ్గాన్ని కూడా తెచ్చుకుంది. నేలలో గుంత తవ్వి, అందులో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేసే మగ్గం అది. నాకంటే పదేళ్లు చిన్నది. నన్ను అక్కా అంటుంది, నేను చెల్లె అంటాను.

కిందటేడు ఆగస్టులో రెండు రోజులు తెరిపి లేకుండా వాన పడింది. మూడో రోజు పొద్దున ఆమె మెట్లెక్కి మా ఇంటికి వచ్చింది. చేతిలో స్టీలు చెంబు. టీ తాగుతావా అని నేను అడిగేలోపే ఆ చెంబును మా వెనక అరుగు మీద వంచింది. ఎర్రటి నీళ్లు పారాయి. నీళ్లు జారిపోయాక అరుగు మీద అరచేతి వెడల్పున బురద మిగిలింది.

"ఏంది చెల్లె గిది?"

"నీ పెరడే అక్కా. నా మగ్గం గుంతలకు అచ్చింది. మోకాళ్ల దాక ఉన్నది."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ పెంచేదాన్ని, ఆ విద్య నాకు బాగానే వచ్చు. ఆమె వెంట కిందికి దిగాను. మగ్గం మీద నీలం, తెలుపు చారల జంపఖానా ఉంది. ఇంకో మూర నేస్తే పూర్తయ్యేది. దాని నిండా మా పెరటి మట్టి మరకలు. తర్వాత ఆమె ఎన్నిసార్లు ఉతికినా ఆ ఎరుపు వదల్లేదు. ఆ రోజు నాకు కలిగిన సిగ్గు అంతా ఇంతా కాదు. అంత శుభ్రంగా ఉంచుకునే నా పెరట్లోంచి అంత బురద ఎట్లా వచ్చిందో మాత్రం నాకు అర్థం కాలేదు.

మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, షెడ్డు చూసి వచ్చి, ఒక్క మాటలో తేల్చేశాడు.

"ఇగ గచ్చే. పెరడంత సిమెంటు చేయిస్త. మట్టే లేకపోతె బురద యాడికెళ్లి అస్తది? నీకు ఊకుడు గూడ అల్కగైతది."

నిజం చెప్పొద్దూ, గచ్చు మీద చీపురు ఎంత హాయిగా నడుస్తుందో అని ఒక్క నిమిషం నా మనసు కూడా ఊగింది. మర్నాడు మేస్త్రి వచ్చాడు. అటూ ఇటూ తిరిగి, నేల పైకి తేలిన మామిడి వేర్లను కాలితో తట్టి చూశాడు.

"గీ చెట్టు ఉంటె గచ్చు పల్గుతదమ్మా. ముందుగాల దీన్ని కొట్టేయాలె."

ఆ మామిడి గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. కాయంతా పీచు, పులుపు. తొక్కు పచ్చడికి తప్ప పనికిరాదు. కానీ ఇల్లు కట్టిన కొత్తలో నేను తిని పారేసిన టెంక అది. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు, తనంతట తానే లేచి నిలబడింది. దాన్ని కొట్టేస్తామంటే ఊరుకునే మనిషిని కాను.

"వచ్చే వానకాలం దాక ఆగు," అన్నాను మా ఆయనతో. "మొదటి పెద్ద వానకు బురద కిందికి దిగిందంటె, గొడ్డలి నేనే తెచ్చిస్త."

ఆయన మామిడి వైపు, కింది షెడ్డు వైపు చూశాడు. "ఆమె మగ్గం రెండోపారి మునిగితే నాకు ఆమె ముంగట మొకం చెల్లది. ఒక్క వాన చూస్త. గంతే."

సరేనన్నాను. పందెం నేనే కాశాను గానీ, ఆ జారుడు నేలను ఏది కప్పి పట్టుకుంటుందో నాకు ఓనమాలు తెలియవు.

ముందు నర్సరీకి పోయాను. అక్కడి అతను ఏది అడిగినా అవుననే రకం. లాన్ గడ్డి చూపించి, "నీడల గూడ మస్తు పెరుగుతది మేడం" అన్నాడు. చాపల్లా చుట్టిన గడ్డిని తెచ్చి పరిపించాను. వారం రోజులు తల ఎగరేసుకుని తిరిగాను. ఆ పచ్చటి గడ్డి మీద పడిన వేపాకును కూడా ఉండనివ్వకుండా రోజూ ఊడ్చాను. మూడో వారానికి గడ్డి పాలిపోయింది. దసరా నాటికి చీపురు ముట్టుకుంటే చాలు, ముక్కలు ముక్కలుగా లేచి వచ్చేది. తర్వాత నాచు పూల మొక్కలు నాటాను. అవి ఎండ కోసం మెడలు సాచి సాచి, ఒక్క పువ్వయినా పూయకుండానే ప్రాణం విడిచాయి. మా ఆయన క్యాలెండర్ వైపు చూసి ఊరుకున్నాడు. అనడం కంటే అదే ఎక్కువ కాల్చింది నన్ను.

చలికాలం మొదట్లో ఒక వీధి కుక్క మా పెరట్లో ఈనింది. కింద ఎడమ పక్క మూలన, బట్టలుతికే పాత బండ వెనక, ఐదు పిల్లలు. చీపురు పట్టుకుని నేను నాలుగడుగుల దూరంలోకి వస్తే చాలు, పళ్లు బయటపెట్టి గుర్రుమనేది. నా పెరట్లో నన్నే అడుగు పెట్టనివ్వలేదు! అన్నం పెట్టి మంచి చేసుకోవాలని చూశాను. అన్నం తిని మళ్లీ గుర్రుమంది. చేసేది లేక మూడు నెలలకు పైగా ఆ మూల వదిలేసి మిగతా పెరడే ఊడ్చాను. ఆ మూలన ఆకులు గుట్టగా పేరుకుపోయాయి. ఇంటికి ఎవరైనా వస్తే అటు చూపు పోకుండా తాడు కట్టి పాత చీర ఆరేసేదాన్ని.

పిల్లలు పెద్దవై, తల్లి వాటిని వెంటేసుకుని వెళ్లిపోయింది మార్చిలో. ఆ రోజే మూల సంగతి తేల్చేద్దామని కొంగు బిగించాను. ఇంతలో కారుమబ్బులు కమ్మి, రాళ్ల వాన మొదలైంది. గంటసేపు దంచి కొట్టింది. వెలిశాక చీపురుతో దిగాను.

పెరడంతా పాయలు పాయలుగా కోసుకుపోయింది. చీపురు గీతలు ఎటు ఉన్నాయో నీళ్లు కూడా అటే దారి చేసుకుని మట్టిని తోడుకుపోయాయి. ఆ మూలకు వచ్చి ఆకులు పక్కకు లాగాను. కింద నేల నల్లగా, మెత్తగా, ఎక్కడిది అక్కడే ఉంది. ఎప్పుడో నేను తెంపి పారేసిన మనీ ప్లాంటు తీగ ఒకటి ఆ ఆకుల కింద పాకి, కణుపు కణుపుకీ వేరు దించుకుని నేలను పట్టుకుంది. లాగితే రాలేదు. బండ పక్కన తడిలో సరస్వతి ఆకు గుండ్రంగా అల్లుకుంది. నేను నాటలేదు, నీళ్లు పోయలేదు. నేను చేసిందల్లా అక్కడికి వెళ్లకపోవడమే.

అప్పుడు ఉతికే బండను చూశాను. ఇల్లు కట్టినప్పుడు దాన్ని నేల మట్టానికి కూర్చోబెట్టించాను, బాగా గుర్తు. ఇప్పుడు నేను ఊడ్చే వైపు దాని అడుగు జానెడు గాల్లో ఉంది. మామిడి వేర్లు అట్లా పైకి తేలినవి ఎందుకో కూడా అర్థమైంది. చెట్టు పైకి లేవలేదు, నేలే కిందికి పోయింది. వాన తీసుకుపోయింది నిజమే. కానీ ప్రతి పొద్దునా ఆ మట్టిని పొడి చేసి, పైనున్న ఆకు తీసేసి, తీసుకుపో అని వానకు అప్పగించింది నేను. ఇరవై రెండేళ్లు, ఒక్క రోజు నాగా లేకుండా!

ఏడుపొచ్చింది. వెంటనే కోపమొచ్చింది. ఎవరి మీద చూపాలో తెలియక చీపురును గోడకేసి కొట్టాను. అది గోడ దాటి చెల్లె షెడ్డు ముందు పడింది. ఇక దిగక తప్పలేదు. వాన గంటకే ఆగడంతో బురద షెడ్డు గడప దాకే వచ్చింది, గుంత మునగలేదు. జరిగింది చెప్పాను. జంపఖానాను పాడు చేసింది వాన కాదు, నా చీపురని చెప్పాను. ఆమె పడుగు దారం సరిచేస్తూ నవ్వింది.

"నాకు ఎరుకే గదక్కా. పొద్దుగాల నువ్వు ఊకుతాంటె నా రేకుల మీద చిటచిట మట్టి పెళ్లలు రాలేటియి."

"మరి చెప్పలేదేందే?"

"ఏమని చెప్పాలె? వాకిలి ఊకే ఆడిదాన్ని ఊకొద్దని ఎవ్వలన్న అంటరా?"

అదీ నిజమే. నాకే ఎవరైనా అట్లా చెప్పి ఉంటే వాళ్ల ఇంటి గడప మళ్లీ తొక్కేదాన్ని కాదు.

ఆ రోజు నుంచి నర్సరీ మాట మానేశాను. నీడలో, నా దయ లేకుండా ఏవి బతుకుతున్నాయో చూసి వాటినే తెచ్చుకోవాలనుకున్నాను. మొదటి వరస మనీ ప్లాంటు. మా వీధిలో ప్రతి కిటికీలో దాని సీసా ఉంది. అయితే అడిగి తెచ్చుకుంటే అది పెరగదట, దొంగతనంగా తెంపుకొస్తేనే పెరుగుతుందట. కాబట్టి నేను వస్తున్నానని తెలిసి ఆడవాళ్లంతా మర్యాదగా అటు తిరిగి నిలబడేవారు. నేను కత్తెరతో తీగలు కోసుకుని, "దొంగతనం అయిపాయె, ఇగ తిరుగుండ్రి" అనేదాన్ని. వేపచెట్టు కింద పొడి నేలకు వాము ఆకు కొమ్మలు. నడుమ వాలుకు ఆకు మీద వెండి చారలు, అడుగున ఊదా రంగు ఉండే ఒక తీగ. దాని పేరు నాకే కాదు, ఇచ్చినవాళ్లకూ తెలియదు. గిల్లి మట్టిలో గుచ్చితే చాలు, బతుకుతుంది. కింద తడి ఉన్నచోట సరస్వతి ఆకు.

పైపుతో పై నుంచి నీళ్లు వదలడం తేలికని, పై నుంచి కిందికి నిలువు వరసల్లో నాటడం మొదలుపెట్టాను. రెండు వరసలయ్యాక చెల్లె వచ్చి నడుం మీద చేయి వేసుకుని చూసింది.

"గట్ల కాదక్కా. ఒట్టి నిలువు పడుగు పరిస్తె బట్ట అయితదా? అడ్డం పేక పడితెనే గదా నిలిచేది. జర అడ్డంగ నాటు. నీళ్లు ఆగి ఆగి దిగాలె."

నాటినవన్నీ పీకి మళ్లీ అడ్డంగా నాటాను. ప్రతి వరస కింద చిన్న చిన్న రాళ్లు పేర్చాను. మర్నాడు ఆమె భుజాన ఏదో మోసుకుని వచ్చింది. చూస్తే ఆ నీలం, తెలుపు చారల జంపఖానా. పారేయడానికి మనసు రాక దాచుకుందట.

"ఇగ దీన్ని ఎవ్వలు కొనరు. నీ మట్టే గదా దీని నిండ ఉన్నది. దాని మీదనే కప్పుదాం."

ఇద్దరం కలిసి, మట్టి ఎక్కువగా జారే నడుమ వాలు మీద దాన్ని పరిచి, అంచులకు రాళ్లు పెట్టాం. అక్కడక్కడా ఆమే కత్తెరతో రంధ్రాలు చేసింది. తన నేతను తానే కత్తిరిస్తుంటే చూడలేక నేను తల తిప్పుకున్నాను. ఆ రంధ్రాల్లో చారల తీగను గుచ్చాం. పైన ఆకులు కప్పాం.

వీధిలో మాటలు మొదలయ్యాయి. ఊడవని ఇంట్లో జ్యేష్ఠాదేవి కూర్చుంటుందని ఒకరు, పాములొస్తాయని ఇంకొకరు. ముందు వాకిలి ఎప్పట్లాగే అద్దంలా ఉంది, జ్యేష్ఠాదేవి రావాలంటే దాన్ని దాటి రావాలి అన్నాను. పాముల మాట మాత్రం కొట్టిపారేయలేదు. అడుగు ఎక్కడ పడుతుందో కనబడేలా నడిచే దారిలో బండలు వేయించాను. అసలు కష్టం బయటివాళ్లతో కాదు. పొద్దున్నే నా కుడిచేయి దానంతట అదే చీపురు వైపు పోయేది. మామిడాకు ఒకటి రాలి కళ్లెదుటే పడి ఉంటే, దాన్ని చూస్తూ టీ తాగడం నా జీవితంలో నేను చేసిన కష్టమైన పనుల్లో ఒకటి.

మే నెల ఎండలకు గుట్ట రాళ్లు కాలిపోయాయి. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు, వాటర్ ఫిల్టర్ వదిలే నీళ్లు, అన్నీ మోశాను. అయినా వేప కింద వాము ఆకు సగం ఎండిపోయింది. ఆ వారమే మేస్త్రి టేపు పట్టుకుని వచ్చి పెరడు కొలుచుకుపోయాడు. మామిడి మొదలును కూడా కొలిచాడు. మర్నాడు చెల్లె పైకి వచ్చి ఎండిన కొమ్మను గోటితో గీరి చూపించింది. లోపల పచ్చగా ఉంది.

"ఫికర్ జెయ్యకక్కా. పానం ఉన్నది."

జూన్‌లో ఒక మధ్యాహ్నం, మా ఆయన ఇంట్లో ఉన్నప్పుడే, వాన వచ్చింది. తుంపర కాదు, ధార. పై వీధి నీళ్లన్నీ మా పెరట్లోకి మళ్లాయి. నేను గొడుగు పట్టుకుని అరుగు మీద నిలబడ్డాను. నీళ్లు ఆకుల కిందికి దూరి కనబడకుండా పోతున్నాయి. ఒక వరస దగ్గర ఆగి, నిండి, పక్కకు జరిగి, కింది వరసకు దిగుతున్నాయి. జంపఖానా ఉన్నచోట ఇప్పుడు బట్ట కనబడదు, అంతా ఊదా, వెండి రంగు ఆకులే. పైన బాగానే ఉంది. కానీ కింద గోడ అవతల ఏమవుతోందో నాకు కనబడదు. దిగి చూసే ధైర్యం రాలేదు. మా ఆయన కూడా వచ్చి నా పక్కనే నిలబడ్డాడు.

అప్పుడు మెట్ల మీద చెల్లె కనబడింది. కొంగు నెత్తిన కప్పుకుని, వానలో తడుస్తూ ఎక్కి వస్తోంది. చేతిలో అదే స్టీలు చెంబు. మామిడి వైపు చూడలేక చూపు దించుకున్నాను.

ఆమె వచ్చి చెంబును నా ముఖం ముందు పెట్టింది.

"గోడ రంధ్రాలకెళ్లి పట్టుకచ్చిన. సూడక్కా. అడుగు కనబడతాంది."

చూశాను. లేత టీ రంగు నీళ్లు. చెంబు అడుగున చెక్కిన పూల గీతలు ఒక్కొక్కటీ కనబడుతున్నాయి. మా ఆయన చెంబు తీసుకుని, వేలు ముంచి, అడుగంతా తిప్పి, వేలి కొన చూసుకున్నాడు. ఏమీ అంటలేదు.

"గుంత?" అని అడిగాడు ఆమెను.

"పొడిగున్నదన్నా. మగ్గం మీదికెళ్లి లేసి అచ్చిన."

ఆయన ఫోన్ తీసి అక్కడే మేస్త్రికి చేశాడు. "రాకు తమ్మీ. ఇగ అవసరం లేదు," అన్నాడు. అవతల అతను ఏదో అడిగినట్టున్నాడు. "గచ్చు కంటె మంచిది దొరికింది," అని పెట్టేశాడు. ఎవరేమనుకున్నా సరే, నేను ఆ వానలో గొడుగు పారేసి చెల్లెను కావలించుకున్నాను. నేను గెలిచాను. ఇరవై రెండేళ్లు ఊడ్చిన నా మీద నేనే గెలిచాను. అంత గర్వం మా వంశంలో ఎవరికీ కలిగి ఉండదు.

ఆమె నా చేతులు విడిపించుకుని, కిందటేడు నిలబడిన చోటే నిలబడి, కిందటేడులాగే ఆ చెంబును అరుగు మీద వంచింది. నీళ్లు పారి, అంచు దాటి, పెరట్లోకి దిగాయి. చూద్దును కదా, అరుగు మీద ఊడవడానికి ఏమీ మిగలలేదు.